తెల్లబట్ట: ఏది సహజం, ఏది జబ్బు?



మా ఆసుపత్రి స్త్రీల ఓ.పి.లో రోజూ వినే మాట ఒకటుంది. చీటీ రాసే బల్ల దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "సిస్టరమ్మా, తెలుపు అవుతోందమ్మా" అంటారు. జ్వరమో, కడుపునొప్పో అయితే అందరూ వినేటట్టే చెబుతారు. ఈ మాట మాత్రం చెవిలోనే చెబుతారు. కొందరు అది కూడా చెప్పరు. "నీరసంగా ఉంది" అని రాయించుకుని లోపలికి వెళ్ళి, డాక్టరమ్మ అన్నీ అడిగి మందులు రాసేశాక, లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి అప్పుడు చెబుతారు.

మాలో కొందరం ముప్పై యేళ్ళుగా ఈ వార్డుల్లో పని చేస్తున్నాము. ఈ ముప్పై యేళ్ళలో మందులు మారాయి, పరీక్షలు మారాయి. ఈ గుసగుస మాత్రం మారలేదు. అందుకే ఈసారి ఈ విషయమే గట్టిగా మాట్లాడుకుందాము. ఇంట్లో ఆడపిల్లలు ఉన్నవారు వారికి కూడా చదివి వినిపించండి.

ఇద్దరు తల్లుల సంగతి

ముందుగా ఇద్దరి గురించి చెబుతాము. వారెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాము.

మొదటి ఆమెకు ముప్పై యేళ్ళు. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయింది. భర్తను, అత్తగారిని వెంటబెట్టుకుని, గేదెను అమ్మిన డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది. "గర్భసంచి తీసేయండమ్మా" అంది. ఎందుకమ్మా అంటే, రెండేళ్ళుగా తెల్లబట్ట అవుతోందట. ఊళ్ళో వైద్యం చేసే ఆయన "గర్భసంచికి పుండు పడింది, ఇలాగే వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది" అన్నాడట. ఎక్కడికి వెళ్ళాలో, ఎంత అవుతుందో కూడా ఆయనే చెప్పాడట. డాక్టరమ్మ పరీక్ష చేశారు. పుండు లేదు, వాసన లేదు, దురద లేదు. నెల మధ్యలో ప్రతి స్త్రీకీ వచ్చే జిగురు ద్రవమే అది. క్యాన్సర్ పరీక్ష కూడా చేశారు, మామూలుగానే వచ్చింది. రక్తం చూస్తే మాత్రం హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. నీరసానికి కారణం అది. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర తీసుకుని, డబ్బు కొంగునే ఉంచుకుని వెళ్ళింది.

రెండో ఆమెకు యాభై రెండేళ్ళు. ముట్లు ఆగిపోయి ఐదేళ్ళయింది. ఆ తరువాత నీళ్ళలాగా తెల్లబట్ట మొదలైంది, అప్పుడప్పుడు ఎర్రటి మరక కూడా. "మళ్ళీ ముట్టు వచ్చిందేమో, ఈ వయసులో ఎవరితో చెప్పుకోను" అనుకుని ఎనిమిది నెలలు దాచుకుంది. వాసన వస్తోందని మనవరాలు దగ్గరకు రాకపోతే అప్పుడు కూతురితో చెప్పింది. మా దగ్గరకు వచ్చేసరికి గర్భసంచి ముఖద్వారం దగ్గర గడ్డ బాగా పెరిగిపోయింది. పెద్దాసుపత్రికి పంపాము, కరెంటు వైద్యం చేశారు. రెండేళ్ళు బ్రతికింది. ఆరంభంలోనే వచ్చి ఉంటే చాలామందికి నయమయ్యే జబ్బు అది.

భయపడనక్కరలేని తల్లి భయపడి ఆస్తి అమ్ముకుని వచ్చింది. పరుగున రావలసిన తల్లి సిగ్గుపడి ఇంట్లో ఉండిపోయింది. ఈ తేడా తెలియజేయడానికే ఈ వ్యాసం.

అసలు తెల్లబట్ట అంటే ఏమిటి?

కంటిలో తడి ఉంటుంది, నోటిలో లాలాజలం ఉంటుంది. అవి జబ్బు కాదని మనకు తెలుసు. అలాగే యోనిలోనూ తడి ఉంటుంది. గర్భసంచి ముఖద్వారంలోని గ్రంథుల నుండి జిగురు వస్తుంది. యోని గోడల నుండి కొద్దిగా నీరు ఊరుతుంది. పాతబడిన కణాలు రాలుతాయి. ఇవన్నీ కలిసి బయటికి వచ్చేదే తెల్లబట్ట. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీకి రోజుకు 1 నుండి 4 మిల్లీలీటర్ల వరకు, అంటే చిన్న చెంచాడు లోపు, రావడం మామూలే.

ఇది ఎందుకు వస్తుంది? లోపలి భాగాన్ని శుభ్రంగా ఉంచడానికి. యోనిలో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు కొన్ని నివసిస్తాయి. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవుల కుటుంబానికి చెందినవే ఇవి కూడా. పెరుగు ఎలా పులుస్తుందో, అలాగే ఇవి ఆ చోటును కొద్దిగా పుల్లగా ఉంచుతాయి. ఆ పులుపులో చెడ్డ సూక్ష్మజీవులు బ్రతకలేవు. అందుకే సహజమైన తెల్లబట్టకు కొద్దిగా పులిసిన వాసన ఉండవచ్చు. బట్ట మీద ఆరాక లేత పసుపు మరక కనబడవచ్చు. ముదురు రంగు లోదుస్తులు ఆ చోట వెలిసిపోవచ్చు. ఇవేవీ జబ్బు గుర్తులు కావు.

వయసును బట్టి, నెలలో రోజును బట్టి

తెల్లబట్ట ఎప్పుడూ ఒకేలాగా ఉండదు. ఈ మార్పులు తెలిస్తే సగం భయం పోతుంది.

పుట్టిన ఆడబిడ్డకు మొదటి వారం పది రోజుల్లో కొద్దిగా తెలుపు, ఒక్కోసారి చుక్క రక్తం కనబడవచ్చు. తల్లి హార్మోన్లు బిడ్డలో ఇంకా ఉండడం వల్ల ఇలా అవుతుంది. దానంతటదే పోతుంది. అక్కడ గట్టిగా తుడవకండి.

ఆడపిల్ల పెద్దమనిషి కావడానికి ఆరు నెలలు, ఏడాది ముందు నుండి తెల్లబట్ట మొదలవుతుంది. చాలామంది తల్లులు పాపను తీసుకుని కంగారుగా వచ్చేది ఈ వయసులోనే. పాప శరీరం ఎదుగుతోందని దాని అర్థం. ఆ సమయంలో నెలసరి గురించి పాపకు చెప్పి సిద్ధం చేయండి.

నెలసరి వచ్చే స్త్రీలలో, స్నానం చేసిన తరువాత కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. నెల మధ్యలో, అంటే అండం విడుదలయ్యే రోజుల్లో, కోడిగుడ్డు తెల్లసొనలాగా పలుచగా, తీగ సాగేటట్టు వస్తుంది. ఆ తరువాత చిక్కగా, తెల్లగా మారుతుంది. నెలసరికి ముందు కొంచెం ఎక్కువ కావచ్చు. పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకు ఆ తీగ సాగే రోజులే గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజులని మేము చెబుతుంటాము.

గర్భిణీలలో తెల్లబట్ట పెరుగుతుంది. పలుచగా, తెల్లగా, వాసన లేకుండా ఉంటే భయం లేదు. ప్రసవం అయ్యాక మైల మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తరువాత గోధుమరంగులో, ఆ తరువాత తెల్లగా మారుతూ నాలుగు నుండి ఆరు వారాల్లో ఆగిపోతుంది. ముట్లు ఆగిపోయిన తల్లులలో తెల్లబట్ట బాగా తగ్గి, పొడిగా అవుతుంది. కాబట్టి ఆ వయసులో కొత్తగా తెల్లబట్ట మొదలైతే దాన్ని చిన్నదిగా చూడకూడదు.

ఎముకలు కరిగిపోతాయా?

"తెలుపు అయితే ఎముకలు కరిగి పోతాయి", "ఒంట్లో సత్తువంతా పోతుంది", "వేడి చేసింది" అనే మాటలు మనం అమ్మమ్మల నుండి వింటున్నాము. ఎముక కరిగి ఆ దారిన బయటికి వచ్చే మార్గమే శరీరంలో లేదు. తెల్లబట్టలో ఉండేది ఎక్కువగా నీరే. అది పోవడం వల్ల ఎవరూ బలహీనపడరు.

మరి నడుము నొప్పి, కాళ్ళు గుంజడం, కళ్ళు తిరగడం ఎందుకు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 100కి 57 మందికి రక్తహీనత ఉంది. నీరసంతో వచ్చినవారిలో మేము మొదట చూసేది దాన్నే. ఒంగి నాట్లు వేయడం, బిందెలు మోయడం, అందరూ తిన్నాక మిగిలినది తినడం నడుము నొప్పికి, నీరసానికి చాలా పెద్ద కారణాలు.

ఇంకొక కారణం మనసు. గోవాలో స్త్రీల మధ్య చేసిన ఒక పెద్ద అధ్యయనం 2005లో ప్రచురితమైంది. తెల్లబట్ట అవుతోందని చెప్పినవారిలో ఇన్ఫెక్షన్ కంటే మానసిక వేదన, ఇంటి బాధలు ఎక్కువగా ముడిపడి కనిపించాయి. ఈ మాట మాకు ఆశ్చర్యం అనిపించలేదు. "తెలుపు అవుతోంది" అని వచ్చి, తలుపు వేశాక, భర్త తాగుడు గురించి చెప్పి ఏడ్చిన తల్లులను మేము ఎందరినో చూశాము. అది నటన కాదు. మనసులోని బాధ చెప్పుకోవడానికి మన స్త్రీలకు దొరికిన మాట అది. అది చెప్పుకోవడానికైనా మా దగ్గరకు రండి.

మరోవైపు, ఏ మాటా చెప్పనివారు ఉన్నారు. మన తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రచురించారు. 100కి 92 మందిలో ఏదో ఒక స్త్రీల వ్యాధి కనబడింది. కానీ అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు 100కి 8 మందే. దేశంలో స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడే తీరును ఆ లెక్క మార్చింది. మన ఇళ్ళల్లో మౌనం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

జబ్బు అయితే ఎలా ఉంటుంది?

రంగు, వాసన, దురద, నొప్పి, రక్తం. ఈ ఐదింటినీ గుర్తు పెట్టుకోండి. మీకు ఎప్పుడూ ఉండే తీరు నుండి వీటిలో ఏది మారినా చూపించుకోవాలి. మామూలుగా మేము చూసే జబ్బులు ఇవి.

ఫంగస్ ఇన్ఫెక్షన్: విరిగిన పాలలాగా, పెరుగు ముక్కల్లాగా తెల్లగా ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు కానీ దురద నిద్ర పట్టనివ్వదు. మూత్రం తగిలితే మంట. గర్భిణీలలో, యాంటీబయాటిక్ మందులు వాడినవారిలో, షుగరు ఉన్నవారిలో ఎక్కువ. మళ్ళీ మళ్ళీ వస్తుంటే షుగరు పరీక్ష తప్పక చేయించుకోండి. షుగరు ఉందని దీనివల్లే మొదటిసారి తెలిసినవారు మా దగ్గర చాలామంది ఉన్నారు.

బాక్టీరియా తేడా: మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి, వేరే సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. పలుచగా, బూడిద రంగులో, చేపల వాసనతో ఉంటుంది. భార్యాభర్తలు కలిసిన తరువాత వాసన ఎక్కువవుతుంది. దురద ఉండకపోవచ్చు. లోపల సబ్బుతో కడిగేవారిలో ఎక్కువ. గర్భిణీకి ఉంటే నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుంది.

ట్రైకోమోనాస్: పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురుగులాగా, దుర్వాసనతో, మంటతో ఉంటుంది. ఇది కలయిక వల్ల వస్తుంది. భార్య ఒక్కతే మందు మింగితే లాభం లేదు, భర్త కూడా వాడాలి.

గనేరియా, క్లమీడియా: ఇవీ కలయిక వల్ల వచ్చేవే. చాలామందిలో బయటికి ఏమీ తెలియదు. కొందరిలో చీములాంటి తెలుపు, పొత్తికడుపు నొప్పి ఉంటాయి. నిర్లక్ష్యం చేస్తే గర్భనాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టడం కష్టమవుతుంది.

ఇక్కడ ఒక మాట. ఇన్ఫెక్షన్ అనగానే భార్య గుణం మీద అనుమానపడే భర్తలు, అత్తగార్లు ఉన్నారు. ఫంగస్, బాక్టీరియా తేడా ఏ తప్పూ లేని స్త్రీకి కూడా వస్తాయి, పెళ్ళికాని పిల్లకు కూడా ఫంగస్ వస్తుంది. కలయిక వల్ల వచ్చే జబ్బులు చాలాసార్లు భర్త నుండే భార్యకు వస్తాయి. నింద వేయడం వల్ల జబ్బు తగ్గదు. ఇద్దరూ కలిసి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్షా క్లినిక్‌లలో ఈ జబ్బులకు మందులు ఉచితంగా ఇస్తారు, వివరాలు బయటపెట్టరు.

ఈ గుర్తులు ఉంటే ఆలస్యం చేయకండి

• తెల్లబట్టలో రక్తపు చార, లేదా మాంసం కడిగిన నీళ్ళలాంటి రంగు, కుళ్ళిన వాసన.

• ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా.

• భార్యాభర్తలు కలిసిన తరువాత రక్తం కనబడితే, లేదా రెండు నెలసరుల మధ్య రక్తం కనబడితే.

• తెల్లబట్టతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి.

• గర్భిణీకి ఒక్కసారిగా నీళ్ళు పోయినట్టు అయితే, ఆగకుండా చుక్కలుగా కారుతుంటే, రక్తం కనబడితే. అది ఉమ్మనీరు కావచ్చు. రాత్రి అయినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

• ప్రసవం లేదా గర్భస్రావం తరువాత మైలకు దుర్వాసన, జ్వరం. ఇది కూడా అదే రోజు చూపించాలి.

• పెద్దమనిషి కాని చిన్నపాపకు వాసనతో కూడిన తెలుపు, రక్తం. ఆటలో ఏదైనా వస్తువు పెట్టుకుని ఉండవచ్చు, నులిపురుగులు కావచ్చు, ఎవరైనా పాపతో తప్పుగా ప్రవర్తించి ఉండవచ్చు. పాపను తిట్టకండి, భయపెట్టకండి. నెమ్మదిగా వినండి, వెంటనే తీసుకురండి.

• గర్భసంచి జారినందుకు రింగు పెట్టించుకుని, చెప్పిన తేదీకి మార్పించుకోవడం మరచిపోయినవారికి వాసన, రక్తం మొదలైతే.

గర్భసంచి తీయించుకుంటే సరిపోతుందా?

ఈ విషయం మన రాష్ట్రాలలో ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 100కి సుమారు 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది ఉన్నారు. గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సర్ వంటివాటికి ఆ ఆపరేషన్ అవసరమే, అది ప్రాణం కాపాడుతుంది. కానీ "తెల్లబట్ట అవుతోంది, పిల్లలు చాలు కదా, తీసేస్తే పీడ పోతుంది" అని చేయించుకున్నవారిని కూడా మేము చాలామందిని చూశాము.

వారిలో కొందరు మళ్ళీ తెల్లబట్ట అవుతోందని వచ్చారు. యోని గోడల నుండి వచ్చే తడి గర్భసంచి తీసినా వస్తుంది, యోనిలో ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి, ఎముకలు పలుచబడతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ఆ స్థితి కొన్నేళ్ళు ముందే వస్తుంది. చూశారా, తెల్లబట్ట వల్ల ఎముకలు కరుగుతాయని భయపడి వెళ్ళిన తల్లికి, ఆ ఆపరేషన్ వల్ల నిజంగా ఎముకలు బలహీనమవుతున్నాయి. ఎవరు చెప్పినా సరే, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా దీనికి ఒప్పుకోకండి.

"మరి క్యాన్సర్ వస్తేనో?" అంటారు. సహజమైన తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్.పి.వి. అనే వైరస్. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. వైరస్ సోకిన తరువాత క్యాన్సర్ కావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యలో పరీక్ష చేస్తే ముందే దొరుకుతుంది, చిన్న వైద్యంతో పోతుంది.

ఆ పరీక్ష ఎంతో సులువు. పలుచని వెనిగర్ లాంటి ద్రావకం ముఖద్వారానికి రాసి ఒక నిమిషం చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లగా కనబడుతుంది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులే ఈ పరీక్ష చేశారు. ఆ గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో ప్రచురితమైంది. మాలాంటి నర్సుల చేతులతో అంత మేలు జరిగిందని చదివినప్పుడు మాకు ఎంతో సంతోషం కలిగింది. మన దేశ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీ, ఏ బాధా లేకపోయినా, ఐదేళ్ళకు ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. పాప్ స్మియర్, హెచ్.పి.వి. పరీక్షలు కూడా ఉన్నాయి. 9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు టీకా ఉంది. మన దేశంలోనే తయారైన టీకా 2023లో విడుదలైంది. టీకా వేయించుకున్న పిల్లలు కూడా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

ఓ.పి.లో ఏమి చేస్తారు?

రాకుండా ఆగిపోయే చాలామందికి అసలు భయం పరీక్ష గురించే. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాము.

ముందుగా ప్రశ్నలు అడుగుతాము: ఎన్నాళ్ళ నుండి, ఏ రంగు, దురద ఉందా, ఆఖరి నెలసరి ఎప్పుడు, షుగరు ఉందా, ఏ మందులు వాడారు అని. మూత్రానికి వెళ్ళి రమ్మంటాము. తెర వెనుక బల్ల మీద పడుకోబెట్టి, నడుము నుండి దుప్పటి కప్పుతాము. పక్కన ఒక సిస్టర్ తప్పకుండా ఉంటుంది. శుభ్రం చేసిన చిన్న పరికరంతో లోపల చూస్తారు, దూదిపుల్లతో కొంచెం ద్రవం తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఐదు నిమిషాల పని. బిగుతుగా అనిపిస్తుంది, కానీ పెద్ద నొప్పి ఉండదు. నోటితో నెమ్మదిగా గాలి వదలండి. ఆపమని చెబితే ఆపుతారు. పెళ్ళికాని పిల్లలకు మామూలుగా లోపలి పరీక్ష చేయరు, బయట నుండి చూసి, మూత్రం, రక్తం పరీక్షలతో సరిపెడతారు.

వచ్చే ముందు లోపల కడుక్కోకండి, మందు పెట్టుకోకండి. దానివల్ల ఉన్న గుర్తులు పోతాయి. మామూలు నెలసరి రోజులు కాకుండా వేరే రోజున వస్తే మంచిది. కానీ రాకూడని సమయంలో రక్తం అవుతుంటే ఆగేదాకా చూడకండి, అలాగే రండి.

ఇంట్లో పాటించవలసినవి

బయటి భాగం మామూలు నీటితో కడిగితే చాలు. లోపలికి సబ్బు, డెట్టాల్, పటిక నీళ్ళు, వేపాకు కషాయం, పసుపు ఏదీ పోయకండి. మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి జబ్బు ఇంకా ఎక్కువవుతుంది. విరేచనానికి వెళ్ళాక ముందు నుండి వెనుకకు కడుక్కోండి. నూలు లోదుస్తులు వాడండి, ఎండలో ఆరవేయండి. మంచం కింద, తలుపు వెనుక చీకట్లో ఆరవేసిన బట్ట సరిగా ఆరదు. నెలసరిలో ప్యాడ్ గాని, బట్ట గాని నాలుగు నుండి ఆరు గంటలకు ఒకసారి మార్చండి. నాట్ల రోజుల్లో తడిసిన చీర, లంగా ఇంటికి రాగానే మార్చుకోండి.

మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. పోయినసారి మిగిలిన మాత్రలు, పక్కింటామె మాత్రలు వాడకండి. ఫంగస్ మందు బాక్టీరియాకు పనిచేయదు. గర్భిణీలు అసలు వాడకూడదు. డాక్టరు రాసిన మందు దురద తగ్గగానే ఆపకుండా, చెప్పినన్ని రోజులూ వాడండి.

మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

కోడిగుడ్డు, బొప్పాయి, అరటిపండు మానాలా?
మానవద్దు. వాటివల్ల తెల్లబట్ట రాదు. ఎదిగే పిల్లకు గుడ్డు, ఆకుకూర, పప్పు మాన్పిస్తే రక్తం తగ్గి ఇంకా నీరసిస్తుంది.

కాపర్ టి వేయించుకున్నాక ఎక్కువైంది. తీయించాలా?
కొందరికి కొంచెం పెరగడం మామూలే. వాసన, నొప్పి, జ్వరం ఉంటే చూపించండి.

సబ్జా, బార్లీ నీళ్ళు తాగితే తగ్గుతుందా?
దాహానికి మంచివే, తాగండి. ఇన్ఫెక్షన్ మాత్రం వాటితో తగ్గదు.

రోజూ ప్యాడ్ పెట్టుకోవచ్చా?
సహజమైన తెల్లబట్టకు అవసరం లేదు. రోజంతా పెట్టుకుంటే చెమట పట్టి దురద వస్తుంది. రోజుకు రెండుసార్లు లోదుస్తు మార్చుకుంటే మేలు.

చివరిగా ఒక మాట

తల్లులారా, మీ కూతురు "అమ్మా, ఇలా అవుతోంది" అన్నప్పుడు "ఛీ, ఊరుకో" అనకండి. ఆ రోజు నోరు మూయించిన పిల్ల, యాభై ఏళ్ళప్పుడు రక్తం కనబడినా నోరు తెరవదు. మేము చెప్పిన రెండో తల్లి అలా పెరిగినదే. కూతుళ్ళారా, మీరు కూడా మీ అమ్మను, అత్తగారిని, నాయనమ్మను ఒకసారి అడగండి. పెద్దవాళ్ళు తమంతట తాము చెప్పరు.

చీటీ రాసే దగ్గర చెప్పడానికి సిగ్గయితే "సిస్టర్‌తో మాట్లాడాలి" అని ఒక్క మాట అనండి, చాలు. పక్కగదిలో కూర్చుని వింటాము. ఏమీ లేదని తేలితే సంతోషంగా ఇంటికి వెళ్ళండి. ఏదైనా ఉందని తేలితే, ముందే తెలిసినందుకు మేలే.